సముద్ర వాణిజ్యం, సమర్పణ

లాభం కోసం సరుకును సముద్రం దాటించడం ఈశ్వరారాధన కాగలదా? హిందూ ధర్మచింతనలో ఈ ప్రశ్నకు అడ్డుగా మొదటి నుంచీ రెండు ఆక్షేపణలు నిలిచాయి. సముద్రయానం దోషమన్నది ఒకటి, లాభాపేక్ష మనసును కట్టిపడేస్తుందన్నది రెండోది. వ్యాపారం నడిపే మనిషి స్త్రీ అయినప్పుడు ఆమెకు ఆ అధికారం ఉందా అన్న మూడో ఆక్షేపణ కూడా వచ్చి చేరేది. ఈ మూడింటినీ ఒక్క జీవితంలో ఎదుర్కొన్న వ్యక్తి సుమతీ మొరార్జీ (1909–1998). బొంబాయి భాటియా వర్తక కుటుంబంలో పుట్టి, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన నరోత్తం మొరార్జీకి కోడలయ్యారు. 1946 నాటికి వేలమంది పనిచేసే ఆ నౌకా సంస్థ నిర్వహణ బాధ్యత పూర్తిగా ఆమె చేతిలో ఉంది. 1956లో భారతీయ నౌకాయజమానుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు. 1971లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆమె నిష్ఠగల కృష్ణభక్తురాలు కూడా. అందుకే ఈ ప్రశ్నను గాలిలో కాక, ఆమె చేసిన పనిని ముందు పెట్టుకుని పరిశీలించవచ్చు.

సముద్రయాన నిషేధం చాలా పాతదే గాని, అందరూ అనుకునేంత ఏకకంఠమైనది కాదు. బౌధాయన ధర్మసూత్రం పతనహేతువులైన కర్మల్లో సముద్రయానాన్ని చేర్చింది. అదే గ్రంథం మరోచోట ఉన్ని అమ్మకం, ఆయుధవృత్తి వంటి వాటితో పాటు సముద్రయానాన్ని ఉత్తరాది వారి ప్రత్యేక ఆచారంగా పేర్కొంది. అంటే నిషేధం రాసిన కాలంలోనే ఓడలెక్కేవారు కొల్లలుగా ఉన్నారన్నమాట. మనుస్మృతి సముద్రయానం చేసిన బ్రాహ్మణుణ్ణి శ్రాద్ధభోజనానికి పిలవవద్దంటుంది. అయితే ఓడ సరుకు మీద ఇచ్చే అప్పుకు వడ్డీ ఎంత ఉండాలో సముద్రయానంలో ఆరితేరినవారే నిర్ణయించాలని కూడా అదే స్మృతి చెబుతుంది. పంక్తిలో కూర్చోబెట్టడానికి పనికిరాని అనుభవం వడ్డీ తేల్చడానికి ప్రమాణమైంది.

13వ శతాబ్దికి వచ్చేసరికి ఈ వైరుధ్యం మరింత స్పష్టమవుతుంది. దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి వంటి నిబంధకారులు (ధర్మశాస్త్ర సంకలనకర్తలు) కలియుగంలో విడిచిపెట్టవలసిన ఆచారాల పట్టికలను తమ గ్రంథాల్లో పొందుపరిచారు. ద్విజుల సముద్రయానం ఆ పట్టికల్లో ఉంది. ప్రాయశ్చిత్తం చేసుకున్నా అలాంటివాణ్ణి కలుపుకోరాదన్నంత కఠినంగా ఆ నియమం ఉంటుంది. దాదాపు అదే కాలంలో, 1244–45లో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. సంపద ప్రాణం కన్నా ప్రియమైనదని తలచి సముద్రంలో సాహసం చేసే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నియత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని ఆ శాసనం ప్రకటించింది. నిబంధకారులు ఓడ ఎక్కినవాడి శుద్ధిని గురించి ఆలోచించారు. గణపతిదేవుడు ఓడ ఎక్కినవాడి సొత్తు ఎవరిదని ఆలోచించాడు. వాణిజ్యానికి సంబంధించి ధర్మప్రశ్న నిజంగా మొదలయ్యేది ఈ రెండో చోటనే.

అయినా నిషేధం పట్టు 19వ శతాబ్ది చివరిదాకా సడలలేదు. 1888లో మోహన్‌దాస్ గాంధీ చదువు కోసం లండన్ ఓడ ఎక్కినందుకు బొంబాయిలో మోఢ్ బనియా కులపెద్దలు ఆయనను వెలివేశారు. భాటియాలది ఇంకో పద్ధతి. మస్కట్, జాంజిబార్ రేవుల్లో వారి వ్యాపారం ఎంత విస్తరించినా, భార్యలను చాలాకాలం స్వదేశంలోనే ఉంచారు. మగవారు సముద్రం దాటి సంపాదిస్తే, ఇంటి ఆచారాన్ని ఆడవారు గడప లోపల కాపాడాలన్నది ఆ ఏర్పాటు. అలాంటి సమాజంలో పుట్టిన స్త్రీ ఓడలకే యజమానిగా నిలవడాన్ని ఒక వ్యక్తి ఎదుగుదలగా మాత్రమే చూస్తే సరిపోదు. నిషేధపు భారాన్ని స్త్రీల మీద మోపి లాభాన్ని పురుషులు అనుభవించిన ఏర్పాటు అక్కడితో కూలిపోయింది.

లాభాపేక్షపై ఆక్షేపణకు భగవద్గీత పద్ధెనిమిదో అధ్యాయం జవాబిస్తుంది. వ్యవసాయం, గోరక్షణతో పాటు వాణిజ్యాన్ని కూడా స్వభావసిద్ధమైన కర్మగా చెప్పి, స్వకర్మతో ఈశ్వరుణ్ణి అర్చించిన మనిషి సిద్ధి పొందుతాడంటుంది. తొమ్మిదో అధ్యాయం స్త్రీలను, వైశ్యులను, శూద్రులను ఒకేచోట పేర్కొని, ఆశ్రయించినవారు పరమగతి పొందుతారంటుంది. వ్యాపారం చేసే స్త్రీ ఆ మాటలో రెండుసార్లు కనిపిస్తుంది. వారు ‘కూడా’ పొందుతారన్న ధోరణిలో పైవరుస, కిందివరుస మిగిలే ఉన్నాయన్నది దాచలేని నిజం. తలుపు తెరిచిన గ్రంథమే గడప ఎత్తును కూడా గుర్తుచేసింది.

ఏ వ్యాపారం అర్చన అవుతుందో గీత వివరించదు. ఆ వివరణ మహాభారతం శాంతిపర్వంలో తులాధారుడి కథలో దొరుకుతుంది. సముద్రతీరంలో తపస్సు చేసి, జటల్లో పక్షులు గూడు కట్టుకున్నా కదలని జాజలికి తానే ధర్మం సాధించానన్న గర్వం కలుగుతుంది. అతనికి బుద్ధి చెప్పేవాడు వారణాసిలో అంగడి నడిపే తులాధారుడు. మద్యం తప్ప రకరకాల సరుకులు మోసం లేకుండా అమ్ముతాననీ, తన త్రాసు సర్వప్రాణుల పట్లా సమమనీ అతడు చెబుతాడు. అతడు వ్యాపారం మానలేదు, దానికి పైన వేరే పూజను అతికించనూ లేదు. తూకంలోనే అతని సాధన ఉంది. వాణిజ్యాన్ని ఆధ్యాత్మికంగా సమర్థించే రచనల్లో ఇంతకు మించినది దొరకడం కష్టం, ఎందుకంటే ఇందులో ధర్మాన్ని కొలిచేది అమ్మేవాడి మనోభావం కాదు, కొనేవాడికి అందిన సరుకు.

భాటియాల మతమైన పుష్టిమార్గం ఈ ప్రశ్నను సమర్పణ వైపు నుంచి చూసింది. దాన్ని స్థాపించిన వల్లభాచార్యులు (1479–1531) తెలుగు వైదిక బ్రాహ్మణ కుటుంబానికి చెందినవారు. సంసారం విడవనక్కర్లేదని, తనువు, మనసు, ధనం కృష్ణుడికి అర్పించి, ఏ వస్తువునైనా ముందు నివేదించి ఆ తరువాతే వాడుకోవాలని ఆయన బోధించారు. ఇంట్లోనే జరిగే సేవలో స్త్రీల పాత్ర పెద్దది. సన్న్యాసం అడగని ఈ మార్గం వర్తకులకు ఆప్తం కావడం సహజమే. సమర్పణ భావం ఎక్కడ దారి తప్పగలదో కూడా ఈ సంప్రదాయ చరిత్రే చూపింది. వర్తకులు సరుకుల మీద గురువులకు ‘లాగా’ అనే పన్ను కట్టేవారు. తనువునూ ధనాన్నీ అర్పించాలన్న మాటను కొందరు గురువులు తమకే అన్వయించుకున్నారని, స్త్రీలు దానికి బలయ్యారని సంస్కర్త కర్సన్‌దాస్ మూల్జీ పత్రికలో రాశారు. మహారాజ్ అని పిలిచే ఆ గురువుల్లో ఒకరు వేసిన పరువునష్టం దావా 1862లో బొంబాయి సుప్రీంకోర్టులో విచారణకు వచ్చి, కర్సన్‌దాస్ వైపే తేలింది. అర్పించేవారి నిష్ఠలో లోపం లేకపోయినా, పుచ్చుకునేవారిని లెక్క అడిగే దారి లేనిచోట సమర్పణ దోపిడీకి పనిముట్టు అవుతుందని ఆ దావా రుజువు చేసింది.

సుమతీ మొరార్జీ చేపట్టిన సంస్థకు లాభంతో పాటు మరో సంకల్పమూ ఉంది. 1919 ఏప్రిల్ 5న సింధియా వారి ఓడ ‘లాయల్టీ’ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. జాతీయ నౌకాదినోత్సవం ఆ తేదీ గుర్తుగానే జరుగుతుంది. రేట్లు పడగొట్టి పోటీదారులను ముంచే బ్రిటిష్ కంపెనీల మధ్య ఆ సంస్థ నిలదొక్కుకుంది. 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన విశాఖ నౌకానిర్మాణ కేంద్రం దానిదే. 1948 మార్చి 14న నెహ్రూ అక్కడ ‘జల ఉష’ నౌకను నీటిలోకి దించారు. ఆ కేంద్రమే తరువాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, విశాఖలో సింధియా అన్న ప్రాంతం పేరు నేటికీ వాడుకలో ఉంది. 1930లలో సింధియా సంస్థ ‘ఎల్ మదీనా’ అనే ఓడతో హజ్ యాత్రికులనూ మక్కా దారి పట్టించింది. వైష్ణవ కుటుంబపు కంపెనీ ముస్లిం యాత్రికులను చేరవేయడం తులాధారుడి త్రాసుకు తగిన పనే. ఆ యాత్రికుల మతంలో ప్రవక్తను మొదట విశ్వసించిన వ్యక్తి ఖదీజా. ఆమె మక్కా నుంచి సిరియాకు సరుకుల బిడారులు నడిపించిన వర్తకురాలు.

1965 నాటి ఉదంతంలో సమర్పణ, వ్యాపారం నేరుగా ఎదురుపడ్డాయి. వృద్ధ సన్న్యాసి ఏ.సి. భక్తివేదాంత స్వామి అమెరికా వెళ్లడానికి ఉచిత ప్రయాణం కోరారు. భాగవత అనువాద ముద్రణకు అంతకుముందే సాయం చేసిన సుమతీ మొరార్జీ ఈసారి మొదట ఒప్పుకోలేదు. దాదాపు 69 ఏళ్ల వయసులో ఆ ప్రయాణం ప్రాణం మీదికి తెస్తుందన్నది ఆమె భయం. చివరకు సింధియా వారి సరుకు ఓడ ‘జలదూత’లో చోటు ఇచ్చారు. ఆగస్టు 13న కలకత్తాలో బయలుదేరిన స్వామికి దారిలో గుండెపోట్లు వచ్చాయి. సెప్టెంబరు 17న ఓడ బోస్టన్ చేరింది. ఆ మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఆయన ఇస్కాన్ స్థాపించారు. ఒకనాడు శుద్ధిని పోగొడుతుందన్న సముద్రయానమే కృష్ణభక్తిని ఖండాంతరాలకు మోసింది. ఈ దానం గురించి ఇంకొక మాట అడగడం అవసరం. ఆ చోటు ఆమె సొంత సొత్తు కాదు, వాటాదారులున్న కంపెనీది. సన్న్యాసి ఎక్కినా ఎక్కకపోయినా ఓడ వెళ్లేదే గనుక ఎవరికీ నష్టం లేదని చెప్పవచ్చు. ఆ సమాధానం ఒక్క ప్రయాణికుడి విషయంలో చెల్లుతుంది, సూత్రంగా చెల్లదు.

నిష్కామకర్మను సంస్థలకు అన్వయించేటప్పుడు అసలు చిక్కు ఇక్కడే ఉంది. గీత చెప్పే ఫలత్యాగం తన ఫలానికి సంబంధించినది. సరుకు పంపినవాడిది, ఓడలో పనిచేసేవాడిది, వాటా పెట్టినవాడిది అయిన ఫలాన్ని యజమాని త్యజించడం త్యాగం కాదు, ఇతరుల సొత్తును వదిలేయడం. తనకు వచ్చేదాని పట్ల ఎంత నిర్లిప్తత ఉండాలో, ఇతరులకు చెందవలసినదాని పట్ల అంత పట్టుదల ఉండాలి. గాంధీ ఈశోపనిషత్తు ఆధారంగా చెప్పిన ధర్మకర్తృత్వ సిద్ధాంతం, సంపద గలవాడు దానికి యజమాని కాడని, కాపలాదారని గుర్తుచేసి ఈ ఖాళీని కొంత పూరించింది.

నష్టం వచ్చినప్పుడు ఈ భేదం మరింత అవసరమవుతుంది. సుమతీ మొరార్జీ హయాంలో సింధియా నౌకల సంఖ్య 43కు పెరిగింది. 1980లలో ప్రపంచ నౌకావాణిజ్యం తీవ్రమైన మాంద్యంలో పడింది. అప్పుల్లో కూరుకుపోయిన సంస్థ 1987లో ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఫలితం దైవాధీనమని అలాంటి సందర్భంలో ఊరుకోవడానికి ధర్మశాస్త్రం ఒప్పుకోదు. కలిసి వ్యాపారం చేసేవారు పెట్టుబడిని బట్టి గానీ ఒప్పందాన్ని బట్టి గానీ లాభనష్టాలు పంచుకోవాలని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. ఆ స్మృతికి మితాక్షర వ్యాఖ్య ఉంది, దాన్ని కేతన 13వ శతాబ్దిలోనే ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగు చేశాడు. ఆ స్మృతి ప్రకారమే, వద్దన్న పని చేసి గానీ అజాగ్రత్త వల్ల గానీ నష్టం తెచ్చినవాడు దాన్ని తానే భరించాలి. ఆపద నుంచి సరుకును కాపాడినవాడికి పదోవంతు దక్కాలి. కాబట్టి మునిగిన వ్యాపారం ముందు నిలబడి భక్తుడైన వర్తకుడు, భక్తురాలైన వర్తకురాలు మొదట తేల్చుకోవలసింది ఆ నష్టంలో మాంద్యం వల్ల పోయినది ఎంత, తన ఏమరుపాటు వల్ల పోయినది ఎంత అన్నదే. ఈశ్వరార్పణ చేయదగినది అందులో మొదటి భాగం మాత్రమే. రెండోది భాగస్వాములకు తీర్చవలసిన బాకీ.