వజ్రమువంటి హృదయము

సూరతు నగరములోని వరాఛా ప్రాంతమున వజ్రములకు సానపట్టు కర్మాగారములు అనేకము కలవు. దూరదేశపు గనుల ముడిరాళ్లు అచ్చట మెరుగుదిద్దబడి లోకమంతటికిని పోవును. వజ్రమును వజ్రమే కోయవలెనని ఆ పనివారెరుగుదురు. గిరగిర తిరుగు ఇనుప చక్రమునకు నూనెతో కలిపిన వజ్రపు పొడి పూసి, దానికి రాతిని ఆనింతురు.

ఇశ్రాయేలీయుల అవిధేయతను వర్ణించుటకు ప్రవక్తలు ఇట్టి కఠినశిల పేరునే వాడిరి. హెబ్రీ భాషలో అది ‘షామీర్’. మన తెలుగు బైబిలు దానిని యిర్మీయా 17:1లో వజ్రమనియు, జెకర్యా 7:12లో కురువిందమనియు పలికినది. ఏ రాయి అయినను భావమొక్కటే. (అనువాదకునికి మాత్రము ఇట్టి మాటలు నిద్రపట్టనియ్యవు.)

జెకర్యా సందర్భము గమనింపదగినది. క్రీ.పూ. 518లో బేతేలువారు యెరూషలేమునకు మనుష్యులను పంపి యొక ప్రశ్న వేసిరి: దేవాలయము కాలిన ఐదవ నెలలో మేమింకను ఉపవాసముండవలెనా? డెబ్బది సంవత్సరములు తప్పక ఆచరించినవారు వారు. వారిని అవిధేయులని యెవరందురు? అయినను ప్రవక్త, ఆ ఉపవాసము ఎవరికొరకు చేసితిరని తిరిగి ప్రశ్నించి, విధవరాలిని, తండ్రిలేనివానిని, పరదేశిని, దరిద్రుని బాధపెట్టకూడదన్న పాత ఆజ్ఞను జ్ఞాపకము చేసెను. పితరులు వినక హృదయములను షామీరువలె చేసికొనిరనెను.

‘చేసికొనిరి’ అన్న క్రియయందే నైతిక ప్రశ్న దాగియున్నది. రాయి భూగర్భమునుండియే కఠినమై వచ్చినది. దానికి దోషము లేదు. హృదయమట్లు కాదు. అది ఎట్లు గట్టిపడునో న్యాయాధిపతుల గ్రంథము చూపుచున్నది. ఇశ్రాయేలీయులు మరల కీడు చేసిరని మనము చదువు నాలుగు చోట్ల (3:12, 4:1, 10:6, 13:1) మూలములోని క్రియకు ‘కూర్చుట’, ‘అదనముగా చేర్చుట’ అని అర్థము. ‘మరల’ అన్నప్పుడు చక్రము తిరిగి మొదటి స్థానమునకు వచ్చినట్లు తోచును. నిజమునకు పాత కీడుమీద క్రొత్త కీడు పేరుకొనుచున్నది. ఒత్నీయేలు దినములలో నలువది యేండ్లు దేశము నెమ్మది పొందెను. సమ్సోను దినములకు ఫిలిష్తీయుల క్రింద నలువది యేండ్లు గడచినను జనులు మొఱపెట్టినట్లు ఆ గ్రంథము చెప్పదు. మొఱపెట్టు అలవాటు సహితము నశించెను. ఆ మౌనము నాకు విగ్రహములకంటె భయంకరముగా తోచును.

మన సంగతి యేమి? 2008 ఆర్థిక మాంద్యములో సూరతు వజ్రపు పనివారు వేలకొలదిగా ఉపాధి కోల్పోయి సౌరాష్ట్ర గ్రామములకు మరలిపోయిరి. పొరుగువాని పొయ్యి చల్లారిన దినమున మన ఉపవాసము ఎవరికొరకు? మరమగ్గముల పనికై తెలంగాణమునుండి సూరతు చేరిన తెలుగువాడు అచ్చట తానే పరదేశి. ఒడిశానుండి వచ్చి ప్రక్క మగ్గముమీద నిలుచున్న కూలివానిని అతడెట్లు చూచుచున్నాడు? విధేయత యచ్చట తేలును, ఆదివారపు పాటలో కాదు.

దేవుడీ కాఠిన్యము నెదుర్కొన్న విధము ఆశ్చర్యకరము. యెహెజ్కేలు నొసటిని ఆయన అదే షామీరువలె చేసెను (3:9). అయినను సానపట్టువాడు ఎంత నిపుణుడైనను వజ్రమునకు రూపమియ్యగలడే గాని దానిని మెత్తబరచలేడు. రాతిగుండెను తీసివేసి మాంసపు గుండె నిచ్చెదనన్న వాగ్దానము (36:26) ఆ ప్రవక్త నోటనే వచ్చెను.

బేతేలువారికి వారడిగిన జవాబు ఎనిమిదవ అధ్యాయమువరకు రాలేదు. ఉపవాసములు పండుగలగును, సత్యమును సమాధానమును ప్రేమింపుడని వారు వినిరి. ఇంటికి పోయి తమవారితో ఏమి చెప్పిరో లేఖనము వ్రాయలేదు.