అందరికీ ఒకే టీకా న్యాయమేనా?

1990లో ఒకే టీకాపై రెండు అధ్యయనాలు వెలువడ్డాయి. ఫిన్లాండ్ శిశువుల్లో ఆ టీకా హిబ్ జబ్బును 94 శాతం అడ్డుకుంది. అలాస్కా ఆదివాసీ శిశువుల్లో అడ్డుకున్నది 35 శాతమే.

హిబ్ అంటే పసివాళ్లకు మెదడు పొరల వాపు తెచ్చే బాక్టీరియా. దాని ఒంటి చుట్టూ చక్కెర తొడుగు ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు ఆ తొడుగును శత్రువుగా పోల్చుకోలేదు. అందుకే ఆ చక్కెరను ఏదో ఒక ప్రొటీన్‌కు అతికించి టీకా చేస్తారు. ఏ ప్రొటీన్‌కు అతికించారన్న దాని మీదే చాలా సంగతులు ఆధారపడతాయి. మెనింగోకాకస్ అనే మరో బాక్టీరియా పైపొర ప్రొటీన్‌తో చేసిన టీకా రెండో నెలలో వేసే మొదటి డోసుకే రక్షణ మొదలుపెడుతుంది. మిగతా రకాలకు ఇంకో డోసో రెండో పడాలి. అలాస్కా పల్లెల్లో అంత వ్యవధి ఉండేది కాదు, చాలామంది పిల్లలకు ఆరు నెలలు నిండకుండానే జబ్బు సోకేది.

1996లో అలాస్కా అప్పటిదాకా వాడుతున్న ఈ మెనింగోకాకస్ ప్రొటీన్ టీకాను మార్చి, డీపీటీతో కలిపి ఇచ్చే మరో రకం హిబ్ టీకా తెచ్చింది. మిగతా అమెరికా పిల్లలకు ఆ రకం బాగానే పనిచేసింది. ఆదివాసీ పల్లెల్లో మాత్రం హిబ్ తిరగబెట్టింది. ఆ తర్వాత మొదటి డోసుకు మళ్లీ పాత టీకానే వేయసాగారు.

అందరికీ ఒకటే ఇస్తే అన్యాయం ఎలా అవుతుంది? సమానం కానివారిని సమానంగా చూడడమూ అన్యాయమేనని అరిస్టాటిల్ ఏనాడో వాదించాడు. చేతికి అందిన మందును కాదు, బిడ్డకు దక్కిన రక్షణను చూసి లెక్కకట్టాలి. ఆ లెక్కన 1996 నాటి మార్పు, ఎవరూ చెడు తలపెట్టకపోయినా, ఆదివాసీ బిడ్డలకు నష్టమే చేసింది.

అయితే 'వాళ్ల ఒళ్లే వేరు' అనేస్తే మరో ప్రమాదం. అరిజోనాలో హవసుపాయి తెగవారు మధుమేహ పరిశోధన కోసమని రక్తమిస్తే, వాళ్లకు చెప్పని పరిశోధనలకూ దాన్ని వాడుకున్నారు. న్యాయపోరాటం 2010లో పరిహారంతో ముగిసింది. పొరుగునున్న నవాహో తెగ 2002లోనే తమవారిపై జన్యు పరిశోధనలను నిలిపేసింది. జన్యు పరిశోధనలంటే వాళ్లకున్న భయానికి కారణముంది.

పైగా అలాస్కా పిల్లలకు హిబ్ అంత తొందరగా ఎందుకు సోకేదో రక్తంలోనే వెతకడం సరికాదు. చిన్న ఇంట్లో పదిమంది కిక్కిరిసి ఉంటే, చేతులు కడుక్కోను చాలినన్ని నీళ్లు లేకపోతే, ఏ జాతి బిడ్డకైనా సూక్ష్మజీవి ముందే అంటుకుంటుంది. కుళాయి లేని అలాస్కా పల్లెల్లో పసివాళ్లు ఊపిరితిత్తుల జబ్బులతో ఆస్పత్రి పాలవడం ఎక్కువని పరిశోధకులు చూపించారు. తగిన టీకా ఇవ్వడంతో పాటు ఆ నీళ్లు ఇవ్వడమూ ప్రభుత్వం బాధ్యతే. అలాస్కాలో కొన్ని పల్లెల ఇళ్లకు అవి ఇంకా రాలేదు.