ఊలు, సూదులు: ఆకర విచారము

అహింసను గూర్చి మనలో చర్చ వచ్చినప్పుడు అది సాధారణంగా వంటింటి దగ్గర మొదలై వంటింటి దగ్గరనే ముగుస్తుంది. కందమూలములు, రాత్రి భోజనము, వడగట్టిన నీరు – వీటి విషయంలో మన ఇండ్లలోని చిన్నపిల్లలకు సైతము నిశ్చయమైన అభిప్రాయములున్నవి. ఒంటిమీది బట్ట దగ్గరకు వచ్చేసరికి ఆ నిశ్చయము సడలుతుంది. అందులోనూ ఇంట అల్లుకునే స్వెట్టరును గూర్చి, పసిబిడ్డ టోపీని గూర్చి, మేజోళ్ళను గూర్చి ఎవరూ ప్రశ్నయే వేయరు. రంగు బాగున్నదా, ఉండ వెల ఎంత అన్న రెండు మాటలతో బేరము ముగుస్తుంది. బెంగుళూరు చలికి ఊలు కొనే శ్రావికకుగాని, దానిని అమ్మే శ్రావకునికిగాని మూడవ ప్రశ్న ఒకటి వేయవలసిన ధర్మమున్నదా? ఉన్నదనియే నా అభిప్రాయము.

మొదట సూదుల సంగతి చూద్దాము. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపాలో అల్లిక సూదులను ఉక్కుతోను, కొయ్యతోను చేసినట్లే ఏనుగు దంతముతోను, ఎముకతోను, తాబేటి చిప్పతోను కూడ చేసేవారు. నునుపుగా ఉండి చేతికి హాయిగా ఉంటవని వాటికి గిరాకీ. ఇట్టి సరకును గూర్చి మన శాస్త్రములు ఏనాడో ఆలోచించినవి. శ్రావకుడు విడువవలసిన 15 కర్మాదానములలో దంతవాణిజ్యము ఒకటి. 12వ శతాబ్దివారైన హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో దీనిని వివరిస్తూ, దంతమునే గాక వెండ్రుకలు, గోళ్ళు, ఎముకలు, చర్మము, రోమములు – వీటన్నిటినీ ఇందులో చేర్చినారు. అయితే వర్తకము కొరకు వాటిని 'ఆకరము'న, అనగా పుట్టినచోట, గ్రహించుటయే దోషమని విశేషించి చెప్పినారు.

ఈ ఒక్క మాటలో గొప్ప వ్యాపార జ్ఞానమున్నది. కొనేవాడు పుట్టినచోటికి వచ్చి సొమ్ము చూపితే, వేటగాడు అతని కొరకే అడవికి పోతాడు. బాణము వేటగానిదే, దానిని ఎక్కుపెట్టించినది మాత్రం వర్తకుని రూకలు. పాపము వస్తువులో అంటుకొని లేదు. అది కొనుగోలు పుట్టించే పనిలో ఉన్నది. దేశాల మధ్య ఏనుగు దంతపు వ్యాపారాన్ని ఆపివేయుటకు 1989లో అంతర్జాతీయ నిర్ణయము జరిగినది గదా! దాని వెనుక ఉన్న తర్కము కూడ ఇదే: కొనేవాడు లేకపోతే చంపేవాడు లేడు.

నేడు మన అంగళ్ళలో దొరికేవి అల్యూమినియము, ఉక్కు, వెదురు, కొయ్య, ప్లాస్టిక్ సూదులు. కనుక సూది విషయంలో ఆ ప్రశ్న దాదాపు తీరినది. ఊలు విషయంలో తీరలేదు.

ఊలు గొర్రెనుండి రెండు విధములుగా వస్తుంది. బ్రతికియున్న గొర్రెకు కత్తిరించి తీసేది ఒకటి. చంపిన గొర్రె తోలునుండి ఊడదీసేది రెండవది. మిల్లులో వడికిన తరువాత ఉండను చూచి ఇది అదియని చెప్పలేము. మొదటి విధములోను తారతమ్యమున్నది. తెలంగాణలో కురుమలు దక్కనీ నల్లగొర్రెలకు ఉన్ని కత్తిరించి గొంగళ్ళు నేయిస్తారు. అది మోటు ఉన్ని. కంబళికే గాని మెత్తని స్వెట్టరుకు పనికిరాదు. మెత్తని ఊలు మెరినో జాతి గొర్రెది. ఆ గొర్రె చర్మము ముడతలు పడి ఉంటుంది. తోక చుట్టూ ఈగలు గ్రుడ్లు పెడితే, వాటినుండి వచ్చిన పురుగులు గొర్రెను బ్రతికుండగానే తొలుస్తవి. ఈ బాధ రాకుండ ఆస్ట్రేలియాలో అనేక మందలలో గొర్రెపిల్లల వెనుకభాగపు చర్మమును కోసివేస్తారు. దీనిని మ్యూల్సింగ్ అంటారు. న్యూజిలాండు 2018లో దీనిని నిషేధించినది. అనగా ఈ కోత లేకుండ కూడ మెత్తని ఊలు తీయవచ్చునని తేలినది.

కత్తిరించుటయే క్రూరమని అనుకోరాదు. ఇట్టి పెంపుడు గొర్రెకు ఉన్ని దానంతటది రాలదు. తీయకపోతే ఆ బరువుతో, వేడితో అదే బాధపడుతుంది. 'శ్వేతాంబర సాధువుల ఓఘా ఊలు దారములతోనే చేస్తున్నారు గదా, ఇక మనకేమి అభ్యంతరము?' అని కొందరంటారు. ఓఘా సూక్ష్మజీవులను నొప్పించక తొలగించుటకు ఏర్పడిన సాధనము. యతనకు గుర్తుగా ఉన్న వస్తువును చూపి యతన అక్కరలేదని వాదించుట ఏమి న్యాయము? దిగంబర మునుల పింఛి నెమలి తానై రాల్చిన ఈకలతో చేసేదే. అక్కడ కూడ ఈక ఎట్లు వచ్చినదన్న విచారము ఉన్నది.

పట్టు కలిపిన అల్లిక దారములు కూడ బజారులో ఉన్నవి. మామూలు పట్టుకు గూటిలోని జీవిని ఆవిరితోనో వేడినీటితోనో చంపిన తరువాతనే దారము తీస్తారు. హైదరాబాదులో చేనేత రంగంలో ఉద్యోగము చేసిన కుసుమ రాజయ్యగారు చిలుక ఎగిరిపోయిన తరువాత మిగిలిన గూళ్ళనుండి పట్టు వడికించి, దానికి అహింసా పట్టు అని పేరు తెచ్చినారు. దానికి మెరుపు తక్కువ, వెల ఎక్కువ. ఆ ఎక్కువ వెలలో ఒక ప్రాణము వెల ఉన్నదని తెలిసినవారే దానిని కొంటారు.

'ఈ తగవంతా ఎందుకు, యాక్రిలిక్ కొంటే సరి' అనేవారున్నారు. మన బజారులో 'ఊలు' అని అమ్ముడుపోయేదానిలో చాల భాగము యాక్రిలికే. ఇది పెట్రోలియము నుండి వచ్చిన నార. ఉతికినప్పుడెల్ల దాని సన్నని పోగులు నీటిలో కలిసి చెరువులకు, సముద్రములకు చేరి జలచరముల కడుపులో పడుతున్నవి. నిప్పు సోకితే కరిగి ఒంటికి అంటుకుంటుంది గనుక పొయ్యి దగ్గర పనిచేసేవారికి, పసిబిడ్డలకు అది తగదు. పైగా ఇక్కడ సత్యవ్రతము కూడ ఎదురవుతుంది. యాక్రిలిక్కును ఊలని అమ్ముట అసత్యము. ఒక పోగు కాల్చి చూస్తే నిజము తెలుస్తుంది: ఊలు వెండ్రుక కాలిన వాసన వేసి నలిగే బూడిద అవుతుంది, నూలు కాగితమువలె కాలుతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి పూస అవుతుంది. మద్రాసు, షోలాపురము, బరంపురము వంటి వేడి ఊళ్ళలో ఉన్నవారికి నూలుదారమే మేలు. అది సాగదు, బరువుకు క్రిందికి జారుతుంది. కనుక కొంచెము సన్నని సూదితో బిగువుగా అల్లవలెను. ప్రత్తిచేను మీద చల్లే పురుగుమందును తలచుకుంటే నూలు కూడ నిర్దోషము కాదు.

ఇన్ని విన్న తరువాత 'ఏది పట్టినా హింసయే; కనుక ఏదైనా ఒకటే' అనిపించవచ్చు. ఇది అనేకాంతము కాదు, సోమరితనము. అనేక కోణములు చూడుమన్నది ఎక్కువ తక్కువలు తెలిసికొని నిర్ణయించుట కొరకే. గృహస్థుని హింస సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ అని నాలుగు విధములు. వీటిలో గృహస్థుడు పూర్తిగా విడువవలసినది సంకల్పీ హింస. ఉద్యోగీ హింస వృత్తిలో తప్పనిది గనుక కొంత మినహాయింపు ఉన్నది. వర్తకులము మనము ఈ మినహాయింపు నీడలో నిలుస్తాము. కాని తప్పనిదానికే మినహాయింపు. ఒక్క ప్రశ్న అడిగి తప్పించుకోగలిగినది తప్పనిది ఎట్లవుతుంది?

'లూధియానాలో వడికిన ఊలుకు ఆస్ట్రేలియాలో గొర్రె సంగతి మాకేమి తెలుసు?' అని చిన్న అంగడివారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఆ వర్తకుడే దారము ఎన్ని పేటలు, రంగు నిలుస్తుందా, సరకు ఏ తేదీకి వస్తుంది, ఎన్ని రోజుల అప్పు అని టోకు వర్తకుని పది ప్రశ్నలు అడుగుతాడు. పదకొండవది మాత్రం అడగడు. జవాబు వస్తుందని భయము. అడుగుట వృత్తిగా గలవానికి 'తెలియదు' అన్న మాట కవచము కాజాలదు. హేమచంద్రుల కాలంలో ఆకరము అడవిలో ఉండేది, వర్తకుడు అక్కడికి నడిచిపోవలసి వచ్చేది. నేడు మన ఆర్డరు కాగితమే ఆకరము దాకా నడిచిపోతున్నది. లూధియానాలో ఊలు పరిశ్రమను పెంచినవారిలో ఓస్వాల్ జైన కుటుంబములు కూడ ఉన్నవి. మనము అడిగితే వినేవారు మనవారే. జవాబు రాకపోతే కొనుగోలుదారుతో 'ఇది విచారించితిని, తెలియలేదు' అని ఉన్నమాట చెప్పవచ్చు. ఒక బేరము పోవచ్చు. వ్రతమునకు ఎప్పుడూ ఖర్చు లేకపోతే అది వ్రతమెట్లవుతుంది?

కొన్న తరువాత అనర్థదండ విరమణము వస్తుంది. ప్రయోజనము లేక చేసిన హింసయే అనర్థదండము. కొలత తప్పి మూల పడిన స్వెట్టరు అట్టిదే. కనుక సూదిని సరిగా ఎంచుకొనుట కూడ ధర్మములో భాగము. జారే దారమునకు వెదురు సూది, మోటు దారమునకు లోహపు సూది అనుకూలము. అంకెలను నమ్మి మోసపోరాదు: పాత ఇంగ్లీషు లెక్కలో అంకె పెరిగినకొద్దీ సూది సన్నము, అమెరికా లెక్కలో లావు. ఇంగ్లీషు 8వ నంబరు 4 మిల్లీమీటర్లు. అమెరికా 8వ నంబరు 5 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లనే అడిగి తీసికొనవలెను. డబుల్ నిట్టింగు దారము 4 మిల్లీమీటర్ల సూదితో సామాన్యముగా 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వస్తుంది. 90 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 198 కుట్లు వేయవలెను. చేయి వదులై 20 కుట్లే వస్తే, అదే స్వెట్టరు 99 సెంటీమీటర్లవుతుంది. అందుచేత మొదట చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరవేసి కొలవవలెను. ఒకే రంగు లాటులో కావలసినంతే కొనవలెను. పెట్టెనిండ ఉండలు చేర్చుట పరిగ్రహము. ఊలు బట్టలను మురికిగా దాచి, పురుగు చేరిన తరువాత చంపుట కంటె, ఉతికి ఎండలో వేసి వేపాకుతో భద్రపరచుట మేలు.

ఈ చలికాలములో ఊలు కొనేవారు రంగును, వెలను అడిగిన తరువాత 'ఇది ఎక్కడ పుట్టినది?' అని కూడ అడగవలెనని, అమ్మేవారు ఆ ప్రశ్నకు కోపగించక జవాబు వెదకవలెనని మన సోదర సోదరీమణులను కోరుచున్నాను.