రోగిని చూడబోవుట ఎవరి పని?

ధ్యానభాగములు: 2 రాజులు 4:18–37, మార్కు 7:9–13



ఏండ్ల తరబడి మా గ్రామసంఘములో ముందు వరుసను కూర్చుండి వాక్యము వినిన ఒక వృద్ధమాత ఇప్పుడు కాళ్లలో సత్తువ లేక హైదరాబాదు రామంతాపూర్‌లో తన కుమారుని యింట మంచము పట్టియున్నది. ఈ మధ్య ఆమెను చూడబోతిమి. కుమారుడు కుటుంబముతో దూరదేశమున ఉద్యోగములో ఉన్నాడు. వంటచేసి పెట్టుటకు ఒక స్త్రీ పగటివేళ వచ్చి పోవుచున్నది. మిగిలిన వేళలయందు ఆ తల్లికి తోడు మంచము ప్రక్కనున్న ఒక మాటలాడెడి పెట్టె. అది మందువేళను జ్ఞాపకము చేయును; కీర్తన అడిగిన వినిపించును; ఏ దినమని యడిగిన చెప్పును. కుమారుడు పిలిచినప్పుడు అతని ముఖము దాని తెరమీద అగపడును.

“అయ్యగారూ, దీన్ని ఎన్నిసార్లడిగినా యిసుక్కోదు. నా కోడలు యిసుక్కునేది. నేను మా అత్తమీద యిసుక్కునేదాన్ని” అని ఆమె నవ్వుచు చెప్పెను. మాకు నవ్వు రాలేదు. ఏలయనగా మేము ఆమెను చూచి అప్పటికి తొమ్మిది నెలలు దాటెను. కుమారుడు మంచి యేర్పాటు చేసెనని వినియుంటిమి. ఇక ఆమెకేమి కొదువ అనుకొని ఊరకుంటిమి.

ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఒక ప్రశ్న మమ్మును విడువలేదు. మనుష్యుడు విసుగుకొనుచోట విసుగుకొనని యంత్రము రోగికి పరిచర్య చేసినయెడల అది తప్పా? తప్పు కానియెడల ఇక మనము చేయవలసినదేమి?

రోబో అను మాట చెక్ రచయితయైన కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకమునుండి లోకమంతట వ్యాపించెను. ఆ భాషలో దాని మూలపదమునకు వెట్టిచాకిరి అని అర్థము. వెట్టి యనగా ఏమో తెలంగాణ గ్రామములలోని పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. కూలి లేక, కాదనుటకు వీలు లేక చేయు పని వెట్టి. యంత్రము చేయు పనియు అట్టిదే. అది విసుగుకొనదన్నది నిజమే గాని, విసుగుకొనుటకు దానికి మనస్సు లేదు. మన ఓర్పు మనకు నిద్రను, పనిని, కొన్నిసార్లు ఆరోగ్యమును ఖర్చు చేయించును. దాని ఓర్పుకు ఖర్చు లేదు.

అయినను ఈ యంత్రములను తృణీకరించుట న్యాయము కాదు. తార్నాకకు దగ్గరనున్న లాలాగూడ రైల్వే ఆసుపత్రి సంగతి మనలో కొందరికి తెలియును. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు దక్షిణ మధ్య రైల్వే వారు అచ్చటి పనికొరకు “రైల్-బాట్” అను చక్రముల యంత్రమును తయారుచేసిరి. రోగుల యొద్దకు ఆహారమును మందులను చేర్చుటకు, జ్వరమును చూచుటకు, వైద్యులు దూరమునుండియే రోగితో మాటలాడుటకు అది ఉపయోగపడునట్లు చేసిరి. ఒక నర్సు ఒక్కసారి తక్కువగా ఆ గదిలోనికి పోవలసివచ్చిన, అంతమేరకు ఆమె పిల్లలకు తల్లి కాపాడబడెను. ఇందులో తప్పు పట్టువాడెవడు? మంచి సమరయుడు సహితము గాయపడినవానిని తన భుజముమీద మోయలేదు. తన వాహనముమీద ఎక్కించెను. పూటకూళ్లవానికి సొమ్మిచ్చెను. పశువును, ద్రవ్యమును వాడుకొనినందుకు ప్రభువు అతని కనికరమును తక్కువ చేయలేదు.

అయితే మోసెడి యంత్రము వేరు, తోడుండెడి యంత్రము వేరు అని కొందరందురు. జపానులో తకనోరి షిబాతా అను శాస్త్రజ్ఞుడు 1993లో ఆరంభించిన కృషివలన “పారో” అను యంత్రము కలిగెను. అది మెత్తని బొచ్చుగల సీలు పిల్లవలె ఉండును. నిమిరిన కన్నులార్పును, కూయును. జ్ఞాపకశక్తి నశించి కలతచెందు వృద్ధుల ఒడిలో దానిని ఉంచుదురు. 2009లో అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ శాఖ దానిని వైద్యోపకరణముగా అంగీకరించెను. దానిని నిమురుచు నెమ్మది పొందినవారు కలరు.

అంతకుముందు 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అను పండితుడు “ఎలైజా” అను సంభాషణ యంత్రక్రమమును ప్రకటించెను. అది మనము వ్రాసిన మాటలనే మార్చి ప్రశ్నలుగా తిరిగి అడుగును, మరేమియు ఎరుగదు. అయినను ఆయన కార్యదర్శినియే దానితో కొంత సంభాషించి, తమ్మును ఒంటరిగా విడువుమని ఆయనను గదిలోనుండి వెలుపలికి పొమ్మని కోరెనట. తాను చేసిన దానివలన ఆయనకే భయము కలిగెను. లేని ప్రేమను ఉన్నట్టు కనుపరచుట మోసము కాదా అని ఆనాటినుండి జ్ఞానులు అడుగుచునే యున్నారు.

అది గొప్ప ప్రశ్నయే. గాని రామంతాపూర్‌లోని తల్లి మోసపోలేదు. అది పెట్టె అని ఆమె బాగుగా ఎరుగును. మోసపోయినవారము మేము. ఆ పెట్టె ఆమెకు సేవచేసిన మాట నిజము; అదే సమయమున మాకు సాకును ఇచ్చెను. ఇందునుగూర్చి వాక్యము ఏమి బోధించుచున్నదో చూతము.

షూనేమీయురాలి కుమారుడు చనిపోయినప్పుడు ఎలీషా తన కర్రను గేహజీ చేతికిచ్చి, ముందుగా పోయి దానిని బిడ్డ ముఖముమీద పెట్టుమని పంపెను. కర్రను పంపుట పాపము కాదు. త్వరగా చేరవలెనని పంపెను. గాని ఆ తల్లి కర్రతో తృప్తిపడలేదు. ప్రవక్తను విడువనని ఒట్టుపెట్టుకొనెను. అప్పుడాయన లేచి ఆమె వెంట నడచెను. కర్ర పోయినది, ముఖముమీద పెట్టబడినది, బిడ్డ మేలుకొనలేదు. ప్రవక్త తానే ఆ గదిలోనికి పోయి, తలుపు వేసి, ప్రార్థనచేసి, బిడ్డమీద తన్ను చాచుకొని పండుకొనిన తరువాతనే ఆ చల్లని దేహమునకు వేడి పుట్టెను. మనము పంపెడి సొమ్ము, మందులు, యంత్రములు ఇవన్నియు కర్రలే. పంపుదము. గాని పంపి నిలిచిపోవరాదు.

రెండవ పాఠము కొర్బానునుగూర్చినది. తల్లిదండ్రులకు రావలసిన సహాయమును దేవార్పితమని చెప్పి తప్పించుకొనువారిని ప్రభువు గద్దించెను. కానుక మంచిదే. మంచిదానిని అడ్డుపెట్టుకొని ఋణము ఎగవేయుటయే పాపము. నేడు మనము అదే రీతిగా, “అన్నియు ఏర్పాటు చేసితిమి, ఇక మా వలన కావలసినదేమి?” అనుచున్నాము. 2007లో చేయబడిన చట్టము ప్రకారము తల్లిదండ్రులు తమ పిల్లలనుండి పోషణ సొమ్ము కోరవచ్చును. సొమ్మును చట్టము ఇప్పించగలదు. మంచము ప్రక్కన కూర్చుండుటకు ఏ చట్టము రప్పించగలదు?

మన తెలంగాణలోనే ఒక సాక్ష్యము కలదు. వెస్లియన్ మెథడిస్టు మిషను వైద్యురాలైన ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్తయు 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల కొరకు ఆసుపత్రి స్థాపించిరి. ఆ రోగులకు అన్నము దూరముగా పెట్టిపోవు దినములవి. ఆమె దగ్గరకు పోయి చేతులతో తాకి వైద్యము చేసెను. తరువాతి కాలమున మంచి మందులు వచ్చి ఆ వ్యాధిని కుదుర్చుచున్నవి. అందుకు దేవునికి స్తోత్రము. అయితే ఊరు వెలివేసినవానికి మందుతో పాటు ఒక మనుష్యుని స్పర్శయు కావలసియుండెను. గలిలయలో మన ప్రభువు కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగియుండియు చెయ్యి చాపి ముట్టుట ఇందుకే గదా!

దూరదేశమున కష్టపడి తల్లిని పోషించు కుమారుని నిందించుట మా ఉద్దేశము కాదు. విసుగుకొనిన కోడలిని నిందించుటయు కాదు. రాత్రియు పగలును ఒక్క స్త్రీమీదనే రోగి భారమంతయు మోపి, ఆమె అలసినప్పుడు తప్పుపట్టుట మన యిండ్లలో వాడుకయైపోయినది. మోషే చేతులు బరువెక్కినప్పుడు ఇద్దరు చెరియొక ప్రక్కను నిలిచి ఆదుకొనిరి. యంత్రము ఆ కోడలికి ఒక గంట నిద్ర దొరకనిచ్చిన అది దేవుని దయయే. మిగిలిన గంటలు సంఘము పంచుకొనవలెను.

కాబట్టి, యింట రోగియున్నవారు యంత్రమును తెచ్చుకొనవచ్చును. గాని ముందుగా ఆ వృద్ధుల ఇష్టమును అడుగుడి. దూరముననున్న కుమారులారా, తెరమీద అగపడుడి. గాని ఇంటికి వచ్చెడి తేదీని కూడ చెప్పుడి. సంఘపెద్దలారా, మంచము పట్టినవారి పేర్లు వ్రాసి, ఇద్దరిద్దరుగా వారము వారము పోవుటకు ఏర్పాటు చేయుడి. తీర్పు దినమున ప్రభువు, రోగినైయుండగా నన్ను చూడ వచ్చితిరా అని మనలనే అడుగును. మన పంపిన వస్తువును అడుగడు.

మేము సెలవు తీసికొనునప్పుడు ఆ తల్లి మా చెయ్యి పట్టుకొని, “మళ్ల ఎప్పుడొస్తరు అయ్యగారూ?” అని అడిగెను. సమరయుడు సత్రము విడుచునప్పుడు తాను మరల వచ్చెదనని పూటకూళ్లవానితో చెప్పిన మాట మాకు అప్పుడు జ్ఞాపకమునకు వచ్చెను. నెలకు మొదటి శనివారము వచ్చెదమని ఆమెతో చెప్పితిమి. ఆ మాట తప్పకుండునట్లు మా కొరకు ప్రార్థించుడి.

ప్రభువు మనలను తన రోగుల యొద్దకు నడిపించును గాక. ఆమేన్.