కల్లం మీది వాన

మా ఊరి గుడిలో నేను గీత మూడో అధ్యాయం చెబుతుంటే ప్రశ్నలు పెద్దగా రావు. ప్రాణులు అన్నం వల్ల, అన్నం వాన వల్ల, వాన యజ్ఞం వల్ల. చక్రం చక్కగా తిరిగిపోతుంది. మొన్న యాసంగిలో మాత్రం వెనక వరసలోంచి ఒక రైతు అడిగాడు: "సారూ, నాట్లప్పుడు పడ్డ వాన దేవుడిదే. మరి కల్లంల వడ్ల మీద పడ్డది ఎవలిది?"

కర్మ అని తప్పించుకోవచ్చు. నాకది నచ్చదు. పట్టా కప్పేలోపు కొట్టుకుపోయిన వడ్లను పూర్వజన్మ ఖాతాలో రాయడం దయలేని పని.

గీతలో ఆ వాన మాటకు రెండు శ్లోకాల ముందే, దేవతల నుంచి పుచ్చుకుని తిరిగి ఇవ్వనివాడు దొంగ అన్న తీర్పు ఉంది. మనం పుచ్చుకున్నదెంతో లెక్క వేద్దాం. హార్వెస్టర్ కోసిన వడ్లలో తేమ 22 శాతం ఉందనుకోండి. కొనుగోలు కేంద్రంలో 17 దాటకూడదు. అంటే క్వింటాలుకు 6 కిలోల నీరు పోవాలి. దాన్ని ఆవిరి చేయడానికి కనీసం 4 యూనిట్ల కరెంటంత వేడి కావాలి. వంద క్వింటాళ్లకు 400 యూనిట్లు! సూర్యుడు ఆ పని చేసిపెట్టి బిల్లు పంపడు. మనం రథసప్తమినాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, బాకీ తీరిందనుకుంటాం.

నా దృష్టిలో ఆ బాకీ తీరేది సూర్యుడిచ్చినదాన్ని దుబారా చేయడం మానితేనే. డ్రయ్యర్లు రావలసిందే, కానీ మంట పెంచితే గింజ పగిలి మిల్లులో నూకవుతుంది. మే ఎండలో తారురోడ్డు మీదా అంతే. వడ్లకు మంట కన్నా పొడిగాలి ముఖ్యం. పలుచగా పరచి, మాటిమాటికీ కాళ్లతో తిప్పి, రాత్రికి కుప్ప చేసి కప్పితే గింజ లోపలి తేమ పైకొచ్చి మర్నాడు సులువుగా ఆరిపోతుంది. ముసురులో మంట తప్పదంటే ఊక ఉంది. క్వింటాలు వడ్లకు సుమారు 20 కిలోలు వస్తుంది. అదీ సూర్యుడు దాచిపెట్టిందే.

ఆ రైతుకు చివరికి ఇలా చెప్పాను: "వాన దేవుడిదే. వడ్లు కప్పులేని కల్లంలో ఉండటం మనది."

"మనదంటే ఎవలిది సారూ?" అన్నాడు.

ఊరిది. గుడి కమానుకు చందాలు రాసే పెద్దలారా, వచ్చే యాసంగికి ముందే ఊరి కల్లానికి రేకుల కప్పు, గాలి కొట్టే పెద్ద ఫ్యాను కూడా ఆ పద్దులోనే రాయండి.