మీరేంట్లు?

కిందటేడు ఏప్రిల్‌లో ఇల్లు మారాల్సొచ్చింది. నిజాంపేటలో ఓ టూలెట్ బోర్డు చూసి లోపలికెళ్ళాను. కింద ఓనర్లు, పైన రెండు బెడ్‌రూముల పోర్షను. అద్దె 19,000, రెండు నెలల అడ్వాన్సు. ఓనరావిడకి అరవై దాటి ఉంటాయి. మంచినీళ్ళిచ్చి, ఉద్యోగం, సొంతూరు, పిల్లలు అన్నీ అడిగాక, "ఏమనుకోకు బాబూ, మీరేంట్లు?" అంది. చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. "అయితే మనవాళ్ళే!" అద్దె 17,500కి దిగింది. నేను బేరమే ఆడలేదు.

నాలుగు రోజుల తర్వాత, ఆఫీసులో భోజనాల దగ్గర, నా పక్క సీట్లో పనిచేసేవాడు తన ఇళ్ళ వేట గురించి చెబుతున్నాడు. గుర్తులు వింటే అదే ఇల్లు. నాకంటే ముందువారమే వెళ్ళాడట. అదే ప్రశ్నకి వీడు "అవన్నీ ఎందుకులెండి ఆంటీ" అన్నాడు. "మావాళ్ళెవరో వస్తామన్నారు బాబూ" అందట ఆవిడ. బోర్డు మాత్రం తియ్యలేదు. నవ్వుతూనే చెప్పాడు. నాకు ఇల్లు ఎక్కడ దొరికిందని అడిగితే, "ఆ పక్కనే ఎక్కడో" అన్నాను.

అబద్ధం గురించి కాంట్ 1797లో ఓ చిన్న వ్యాసం రాశాడు. మనింట్లో దాక్కున్న స్నేహితుణ్ణి వెతుక్కుంటూ హంతకుడొచ్చి అడిగినా సరే, అబద్ధం చెప్పకూడదంటాడు. కాలేజీ రోజుల్లో చదివి, ఇదేం మనిషిరా అనుకున్నాను. అక్కడ నిజం చెప్పడానికి భయపడాలి. నాకు మాత్రం నిజం చెప్పినందుకు నెలకి 1,500 మిగిలింది. ఇలాంటి నిజాన్ని ఏ ఖాతాలో రాసుకోవాలి?

ఆవిడ ఇల్లు ఆవిడిష్టం అనొచ్చు. చట్టం కూడా దాదాపు అలాగే చూస్తుంది. రాజ్యాంగం 15(2)లో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు ఉన్నాయిగానీ అద్దిళ్ళ మాట లేదు. అమెరికాలో 1968 నాటి గృహ వివక్ష చట్టం కూడా, నాలుగు వాటాల లోపు ఇంట్లో తనూ కాపురముండే యజమానికి చాలావరకు సడలింపు ఇచ్చింది. అయితే వివక్ష చూపే ప్రకటన వెయ్యడానికి ఆ యజమానికీ వీల్లేదు. జాతి పేరుతో కాదనడానికి 1866 నాటి మరో చట్టం అడ్డొస్తుంది.

సరే, తన గుమ్మంలోకి ఎవరు రావాలో ఎంచుకోవడం ఆవిడ హక్కే అనుకుందాం. కానీ ఆవిడ నన్ను ఎంచుకుందా? అద్దె సమయానికి కడతానో లేదో తెలీదు. వారానికి మూడుసార్లు చేపలు వేయిస్తానని తెలీదు. (ఇప్పుడు తెలుసు, పాపం.) ఒక్క మాట విని, మనిషిని చూడ్డం మానేసింది. చెడ్డది కాదు. మా పాపకి జ్వరమొస్తే రాత్రి రెండింటికి కషాయం పెట్టి తెచ్చింది. అందుకే ఈ సంగతి మరీ ఇబ్బందిగా ఉంది.

నేనూ "ఎందుకులెండి" అనుంటే? వాడికి ఇల్లొచ్చేది కాదు, నిజమే. అప్పటికే పొమ్మన్నారు కదా. ఈ వాదన నన్ను నేను ఓదార్చుకోవడానికి చాలాసార్లు వాడాను. కానీ మా పనిలో ఖాళీగా వదిలేసిన గడి కూడా డేటానే. చెబితే లాభం ఉన్నవాళ్ళందరూ ఠక్కున చెప్పేస్తుంటే, చెప్పనివాడు ఎవరో చెప్పకనే తెలిసిపోతుంది. వాడి మౌనాన్ని జవాబుగా మార్చింది ఆవిడొక్కతే కాదు, ఆవిడ ముందు కూర్చుని గడగడా చెప్పేసిన నాలాంటివాళ్ళమంతా. వాడు చెప్పకపోతే ఇల్లు పోతుంది. నేను చెప్పకపోతే, మహా అయితే, పదకొండు నెలల అగ్రిమెంటులో 16,500 పోయేది. ఇంకో నాలుగిళ్ళు తిరిగేవాణ్ణి. చెప్పకుండా ఉండగలిగే స్తోమత ఉన్నది నాకే.

మొన్న ఆదివారం మెట్లమీద ఆవిడ ఎదురైంది. మా పై వాటా వాళ్ళు జూన్‌లో ఖాళీ చేస్తున్నారట. "మీ ఆఫీసులో మనవాళ్ళెవరైనా ఉంటే చూడు బాబూ, బయటివాళ్ళకి ఇవ్వాలంటే భయం" అంది. వాడింకా ఉప్పల్ నుంచే మెట్రోలో వస్తున్నాడు.

"చూస్తానాంటీ" అన్నాను.