తెర ముందు కూర్చున్నవారికి

నాయనా, నువ్వు జిల్లాను చూసుకునే అధికారివి. ఎన్నో ఊళ్ల క్షేమం నీ బల్లమీది తెరలో రంగుచుక్కలై కనబడుతుంది. అంత దూరాన్ని అంత సులువుగా చూడగలిగే శక్తి పూర్వపు ఏలికలకు లేదు. ఆ శక్తితో పాటే నీ మీద ఒక బరువు పడింది. ప్రతి పచ్చచుక్క వెనుకా మనుషులున్నారు. ఆ చుక్క నిజమో కాదో తేల్చుకోవలసినవాడివి నువ్వే.

2024 అక్టోబరులో నీ సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ మండలం సంజీవన్‌రావుపేటలో కలుషితమైన నీళ్లు తాగి పదుల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు చనిపోయారని వార్తలొచ్చాయి. మిషన్ భగీరథ పథకం నీరు అందక బావిని ఆశ్రయించామని ఊరివాళ్లు చెప్పారు. కేంద్రం వారి జల్ జీవన్ మిషన్ డాష్‌బోర్డులో మాత్రం తెలంగాణ అప్పటికే నూటికి నూరు శాతం ఇళ్లకు కుళాయిలున్న రాష్ట్రం. ఆ అంకె కుళాయిలను లెక్కపెట్టింది. నిన్న నీళ్లొచ్చాయా, రాకపోతే ఆ ఇల్లాలు బిందె పట్టుకుని ఎటు వెళ్లింది, ఆ బావిలో బ్లీచింగ్ ఎప్పుడు చల్లారు అన్నవి దానికి అందని సంగతులు. అందుచేత ఏ అంకెను చూసినా, ఇది దేన్ని లెక్కపెట్టింది, దేన్ని వదిలేసింది అని ముందు అడుగు.

కొలిచే సాధనం ఎక్కడుందో కూడా అడుగు. 2020 మే 7న విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి తెల్లవారుజామున ఇళ్ల మీదికి పాకి పన్నెండు మందిని బలిగొంది. స్టైరీన్ నిలవ ఉంచిన ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచేవారని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. పైపొరలు కాగిపోతున్నా కింది అంకె నిబ్బరంగానే ఉండేది. సైరన్ ఉండీ మోగలేదు. తెర అబద్ధమాడాలన్న పనిలేదు నాయనా, చూడవలసిన చోట చూడకపోతే చాలు, ప్రాణాలు పోతాయి.

నీ జిల్లాలోనే 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా మరణించారు. వారిలో ఎందరో పొట్ట చేతబట్టుకుని దూరరాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. డీఎన్‌ఏ పరీక్షలు చేస్తేగాని ఎవరి శరీరం ఎవరిదో తేలలేదు. కొందరి ఆనవాలే దొరకలేదు. ఏ షిఫ్టులో ఏ గోడ వెనుక ఎవరున్నారో, ఇంటి దగ్గర ఎవరికి కబురు చేయాలో చెప్పే జాబితా, కాంట్రాక్టు కూలీ పేరుతో సహా, నీ లెక్కల్లో మొట్టమొదట ఉండాలి.

సగటును నమ్మకు. తొంభైతొమ్మిది ఊళ్ల మంచినీరు నూరో ఊరి పసివాడి దాహం తీర్చదు. పాత తేదీని నమ్మకు. మూడు నెలల కింద వేసిన పచ్చరంగు ఈవేళ ఏమీ చెప్పదు, దాన్ని ఖాళీగానే ఎంచు.

అన్నిటికన్నా మించి, నీ కోపానికి నువ్వు భయపడు. ఎర్రచుక్క పెట్టినవాడికి మెమో ఇచ్చి, పచ్చచుక్క పెట్టినవాడిని సభలో మెచ్చుకుంటే, నెల తిరిగేసరికి తెరంతా పచ్చబడుతుంది. పంపు ఆపరేటరు పగిలిన పైపును దాస్తాడు, సూపర్‌వైజరు మొరాయించిన వాల్వును దాస్తాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఉద్యోగాలు నిలుపుకోవాలనుకునే గృహస్థులు. ఆ దాపరికాన్ని వాళ్లకు నేర్పింది పై అధికారి కోపమే. వ్యవస్థకు ఇంతకన్నా పెద్ద ప్రమాదం నాకు తెలియదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పట్టలేదు.

మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజు కొలువుకు వచ్చి కుశలమడిగిన తీరు తలచుకో. రాజ్యంలో చెరువులు నిండి ఉన్నాయా, సేద్యగాడికి విత్తనం అందుతోందా, అగ్నిభయం నుంచి, రోగభయం నుంచి, పాముల భయం నుంచి ప్రజను కాస్తున్నావా అని ఒక్కొక్కటే అడిగాడు. ధర్మం తెలిసిన రాజునే అంత అడగవలసి వచ్చిందంటే, నిన్నూ నన్నూ ఎంత అడగాలి!

కనుక వానలు ముదరకముందే కంగ్టి, నాగల్‌గిద్ద మండలాల వైపు బయలుదేరు. రాష్ట్రం చివరన ఉన్న తండాకు, చెప్పకుండా వెళ్లు. కుళాయి నువ్వే తిప్పు. నీళ్లు రాకపోతే, అవి ఎన్నాళ్లుగా రావడంలేదో అక్కడి ఆడవాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన తేదీని వాళ్ల ముందే తెరలో నమోదు చెయ్యి. తరువాత ఆ పంపు ఆపరేటరును పిలిచి, నీకు ఏం కావాలని అడుగు.